మ్యాక్ ఓఎస్‌ని వీఎంలో నడిపితే లీగలేనా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

పోయిన ఆదివారం ఎస్సార్ నగర్‌లో మా పిన్ని కొడుకు ఉండే హాస్టల్‌కి వెళ్లాను. పిన్ని పంపిన పచ్చడి డబ్బా చేతికిస్తే మంచం కిందికి తోసేసి ల్యాప్‌టాప్ తెరిచాడు. "అన్నా, ఇగ చూడు, మ్యాక్!" అన్నాడు. అది 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు విండోస్ ల్యాప్‌టాప్. అందులో వర్చువల్ మెషీన్ (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్), దాంట్లో యాపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్లను నడిపే మ్యాక్ ఓఎస్. మౌస్ కదిపాక కాసేపటికి గానీ బాణం గుర్తు కదలడం లేదు. ఐఓఎస్ కోర్సుకని అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. వాళ్లు ఐదొందలు తీసుకుని ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చారట. "ఇది లీగలేనా?" అని అడిగితే వాట్సాప్‌లో ఒక మెసేజ్ చూపించాడు.

ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. నాకైతే మూడు గ్రూపుల్లో వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "మ్యాక్ కొనక్కర్లేదు. మీ పీసీలోనే వీఎం పెట్టి మ్యాక్ ఓఎస్ నడపండి, 100 శాతం లీగల్. యాపిల్ దాన్ని ఉచితంగానే ఇస్తోంది. వీఎంలో వాడుకోవచ్చని యాపిల్ లైసెన్సే చెబుతోంది. పాత మ్యాక్ ఓఎస్ సీడీ కొన్నవాళ్లకైతే అసలు అడ్డే లేదు. చదువుకోడానికి ఏదైనా వాడుకోవచ్చు. మన దేశంలో ఆ లైసెన్సులు చెల్లవు, ఎవరూ పట్టించుకోరు కూడా."

నేను మాదాపూర్‌లో ఐఫోన్ యాప్‌లు రాసే పనిలో ఉన్నాను. ఇందులో ఒక్కో ముక్కలో కాస్త నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు.

ఉచితం సంగతి ముందు తేల్చేద్దాం. 2013లో వచ్చిన మావెరిక్స్ అనే వెర్షన్ నుంచి మ్యాక్ ఓఎస్‌కి డబ్బు తీసుకోవడం లేదు, నిజమే. మన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ కూడా ఉచితమే. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లకు ఇచ్చిన ఆ జీరో టికెట్ పట్టుకుని సూపర్ లగ్జరీ ఎక్కితే కండక్టర్ ఊరుకుంటాడా? ఉచితంగా ఇచ్చినదానికీ షరతు ఉంటుంది. మ్యాక్ ఓఎస్ ఖర్చు మ్యాక్ ధరలోనే కలిసి ఉంది, అంతే.

అసలు పట్టు రెండో మాటలో ఉంది. లైసెన్సులో వీఎం ప్రస్తావన ఉన్న మాట నిజం. 2011లో లయన్ అనే వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఉంది. ఈ ఫార్వర్డ్ రాసినాయన ఆ వాక్యాన్ని సగానికి కోసి, తనకు పనికొచ్చే ముక్క మాత్రం పంపాడు. పూర్తి వాక్యం సారం ఇది: మీ సొంతమో మీ ఆధీనంలోనిదో అయిన, యాపిల్ బ్రాండ్ ఉన్న, అప్పటికే మ్యాక్ ఓఎస్ నడుస్తున్న ఒక్కో కంప్యూటర్ మీద, వర్చువల్ మెషీన్లలో అదనంగా రెండు కాపీల వరకు నడుపుకోవచ్చు. అదీ సాఫ్ట్‌వేర్ తయారీకి, ఆ తయారీలో టెస్టింగ్‌కి, మ్యాక్ ఓఎస్ సర్వర్ వాడకానికి, లేదా వ్యాపారం కాని సొంత వాడకానికి. యాపిల్‌వి కాని కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ చేయకూడదు, నడపకూడదు, ఇంకొకరి చేత నడిపించకూడదు అని అదే లైసెన్సులో విడిగా మరో వాక్యం కూడా ఉంది. ఆ చివరి ముక్క పెన్‌డ్రైవ్ ఇచ్చిన ఇన్‌స్టిట్యూట్‌కి సూటిగా తగులుతుంది.

అంటే వీఎం ఉందా లేదా అన్నది కాదు అక్కడి ప్రశ్న. దాని కింద ఉన్న ఇనుము, అంటే అసలు కంప్యూటర్, ఏ కంపెనీదన్నదే ప్రశ్న. నా ఆఫీసు మ్యాక్‌లో రెండు వీఎంలు హాయిగా నడుస్తాయి. ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్‌లలోనైతే ఆ రెండు అన్న లెక్కను సిస్టమే కాపలా కాస్తుంది. రెండు నడుస్తుండగా మూడోది స్టార్ట్ చేయబోతే పరిమితి దాటిందని ఆపేస్తుంది. కావాలంటే మ్యాక్ ఉన్నవాళ్లు చేసి చూడండి.

ఇంకో సంగతి. ఏ కంప్యూటర్ మీదైనా ఇలా నడపడం లీగలైతే, అమెజాన్ క్లౌడ్‌కి ఆ తెలివి లేకపోయిందా? వాళ్ల దగ్గర సర్వర్లకు కొదవా? 2020లో ఈసీ2 అనే తమ అద్దె కంప్యూటర్ల సర్వీసులో మ్యాక్ సర్వీస్ మొదలుపెట్టినప్పుడు వాళ్లు నిఖార్సైన మ్యాక్ మినీలు తెచ్చి డేటా సెంటర్లో పెట్టారు. తీసుకుంటే కనీసం 24 గంటలకు తీసుకోవాలి. గంటసేపు వాడి వదిలేస్తానంటే కుదరదు. ఆ ఏడాది వచ్చిన బిగ్ సర్ వెర్షన్ లైసెన్సులో, మ్యాక్‌లను డెవలపర్లకు అద్దెకిస్తే వరసగా 24 గంటలకు తగ్గకూడదని రాసి ఉంది. దాని ప్రకారమే నడుచుకున్నారు.

"కానీ అన్నా, లోపల చూస్తే మ్యాక్ అనే చూపిస్తుంది కద" అన్నాడు మావాడు. చూపించకేం చేస్తుంది! ఓఎస్ మోసపోయింది కాబట్టి చూపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఆ ఇమేజ్‌తో (మ్యాక్ ఓఎస్ మొత్తాన్ని సర్దిపెట్టిన ఫైలుతో) పాటు వచ్చిన సెట్టింగుల ఫైలు తెరవమన్నాను. కిందికి జరుపుకుంటూ పోతే ఒక చోట ఖాళీ లేకుండా అతుక్కుపోయిన అక్షరాల తాడు కనిపించింది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న అసలు మ్యాక్‌లో ఎస్ఎంసీ అనే చిప్పు ఉంటుంది. నువ్వు నిజంగా మ్యాక్‌వేనా అని ఓఎస్ ఆ చిప్పును అడిగితే, అది చెప్పాల్సిన మాట ఈ తాడే. వీఎం ఆ చిప్పులా నటిస్తూ ఈ మాట అప్పజెబుతుంది. "మెల్లగా విడదీసి చదువు" అన్నాను. వేలు పెట్టి ఒక్కో ఇంగ్లిష్ మాటా కూడబలుక్కున్నాడు. తెలుగులో చెప్పాలంటే: "ఈ మాటలు కాపలా కాస్తున్నది మా కష్టాన్ని, దయచేసి దొంగిలించకండి." చివర యాపిల్ కంపెనీ పేరు, కాపీరైట్ గుర్తు. వాడు నావైపు చూసి నాలుక కరుచుకున్నాడు. దొంగిలించొద్దన్న మాటనే తాళంచెవిగా పెట్టి తలుపు తీయడం అన్నమాట!

యాపిల్ బ్రాండ్ అనే కదా రాశారు, ల్యాప్‌టాప్ మీద యాపిల్ స్టిక్కర్ అంటిస్తే సరి అనే జోకు కూడా పాతదే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో స్టిక్కర్లకేం కొదవ లేదు. జోకుగా బాగానే ఉంటుంది గానీ కోర్టులో నవ్వులపాలవుతాం.

సీడీ కొన్నాం కదా అనేవాళ్లకు ఒక పాత కేసు చెప్పాలి. ఫ్లోరిడాలో సైస్టార్ అనే చిన్న కంపెనీ 2008లో మామూలు పీసీల్లో మ్యాక్ ఓఎస్ వేసి అమ్మడం మొదలుపెట్టింది. అసలైన కాపీలు కొనే వేస్తున్నామన్నది వాళ్ల వాదన. అదే ఏడాది జులైలో యాపిల్ కేసు వేసింది. 2009లో కాలిఫోర్నియా కోర్టులో జడ్జి విలియం అల్సప్ యాపిల్ పక్షాన తీర్పు ఇచ్చారు, ఆ డిసెంబర్‌లో శాశ్వత ఇంజంక్షన్ (ఇక అలా చేయొద్దన్న కోర్టు ఆదేశం) వచ్చింది. మ్యాక్ ఓఎస్‌ని యాపిల్ తన సొంత హార్డ్‌వేర్‌కే కట్టిపడేయడం కాపీరైట్ దుర్వినియోగమని సైస్టార్ అప్పీలుకు వెళితే, 2011 సెప్టెంబర్‌లో నైన్త్ సర్క్యూట్ అనే అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. అది అమెరికా తీర్పు, మన కోర్టులు దానికి కట్టుబడి ఉండక్కర్లేదు. కానీ "డబ్బిచ్చి కొన్నాను, నా ఇష్టం" అనే మాట అక్కడ నిలబడలేదు.

మరి మన దేశం సంగతి? ఫార్వర్డ్‌లో అందరికీ ధైర్యం ఇచ్చే ముక్క ఇదే. కంప్యూటర్లో "అంగీకరిస్తున్నాను" నొక్కితే మన దగ్గర చెల్లదనడం తప్పు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరింది అన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం సెక్షన్ 10ఎ చెబుతోంది. 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 కొన్ని మినహాయింపులు ఇచ్చిన మాట నిజమే. ప్రోగ్రామ్‌ని చట్టబద్ధంగా కలిగి ఉన్నవాళ్లు, అది ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికి కాపీ చేసుకోవచ్చు. చట్టబద్ధంగా సంపాదించిన సొంత కాపీ నుంచి, వ్యాపారం కాని సొంత వాడకానికి ఇంకో కాపీ తీసుకోవచ్చు. ఈ రెండో మినహాయింపు పట్టుకుని వాదించే వకీలు దొరకొచ్చు. నేను కాదనను. కానీ పెన్‌డ్రైవ్‌లో ఐదొందలకు వచ్చిన ఇమేజ్ "చట్టబద్ధంగా సంపాదించిన కాపీ" ఎలా అవుతుంది? పైగా 2012 సవరణతో సెక్షన్ 65ఎ వచ్చింది. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక తాళాన్ని తప్పిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. దొంగ కాపీ అని తెలిసి ప్రోగ్రామ్ వాడితే సెక్షన్ 63బి ఉంది: ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభానికో వ్యాపారానికో వాడకపోతే కోర్టు జైలు వేయకుండా 50 వేల లోపు జరిమానాతో వదలొచ్చు. చదువుకునేవాళ్లకు చట్టం ఇచ్చిన వెసులుబాటు చూస్తే ఇక్కడ కనిపించేది అంతే. "ఏదైనా వాడుకోవచ్చు" అని ఎక్కడా లేదు.

ఎవరూ పట్టించుకోరంటారా, హాస్టల్ గదికి పోలీసులు రారని నేనూ ఒప్పుకుంటా. కానీ నాకు టెన్షన్ అది కాదు. ఎవరో ముందే సర్దిపెట్టిన ఇమేజ్‌లో మావాడు తన యాపిల్ ఐడీ పాస్‌వర్డ్ కొట్టాడు. అందులో ఇంకేం కూర్చోబెట్టారో మనకేం తెలుసు? రేపు ఫ్రీలాన్స్ పని దొరికితే అదే వీఎంలో క్లయింట్ కోడ్ పెడతాడు, యాప్ తనదేనని డిజిటల్‌గా సంతకం చేయడానికి వాడే రహస్య కీ ఫైళ్లు పెడతాడు. లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే పని చేశానని క్లయింట్ కాగితం మీద సంతకం అడిగితే అప్పుడేం చేస్తాడు?

అయితే నన్నేం చేయమంటవ్ అన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని. ముందు ఆ పాస్‌వర్డ్ మార్పించాను. ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్ భాష నేర్చుకోడానికి మ్యాక్ అక్కర్లేదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఐప్యాడ్ ఉంటే స్విఫ్ట్ ప్లేగ్రౌండ్స్‌లో యాప్ రాసి యాప్ స్టోర్‌కే పంపొచ్చు. యాపిల్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ అనే సాఫ్ట్‌వేర్ తప్పదంటే మాత్రం మ్యాక్ కావాలి. 2024లో ఎం4 మ్యాక్ మినీ వచ్చినప్పుడు ధర 59,900, విద్యార్థులకు 49,900. సెకండ్ హ్యాండ్ ఎం1 ఇంకా తక్కువకే దొరుకుతుంది. మానిటర్, కీబోర్డు ఎలాగూ గదిలో ఉన్నాయి.

గదిలో ఉన్న ముగ్గురూ లెక్కలు వేసుకున్నారు. తలా కొంత వేసుకుని ఒక ఎం1 కొంటారట, విడివిడిగా యూజర్ అకౌంట్లు పెట్టుకుంటారట. పగలు ఎవరికి, రాత్రి ఎవరికి అన్న దగ్గర గొడవ మొదలైంది. నేను మెట్రోకి బయల్దేరేసరికి ఇంకా తేలలేదు.