ఇష్టం మీదే, శిక్ష మాది

కూతురి పెళ్లి లోపల జరుగుతుంటే కన్నతండ్రి బయట కూర్చుంటాడు. గొడవలేం లేవు, లేచిపోయి చేసుకున్న పెళ్లీ కాదు. తండ్రికి పొద్దున్నే కాఫీ తాగే అలవాటుంది, అంతే. అమెరికాలో మోర్మన్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలకు ఇది ఏళ్ల తరబడి తెలిసిన దృశ్యమే. పెళ్లి జరిగే వాళ్ల 'టెంపుల్' అనే ప్రత్యేక ప్రార్థనా మందిరంలోకి వెళ్లాలంటే 'రెకమెండ్' అనే కార్డు ఉండాలి. దానికోసం బిషప్ ముందు కూర్చుని, ఆదాయంలో దశమ భాగం ఇస్తున్నారా, కాఫీ, టీ, మందు, పొగాకు మానేశారా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాలి. కార్డు లేకపోతే పెళ్లికూతురి తండ్రయినా గడప దాటలేడు. తండ్రి లేనిదే కన్యాదానం జరగని మన ఊళ్లో ఈ మాట చెబితే నమ్మరు.

ఇదేం న్యాయమని అడిగితే వాళ్ల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: ఎంచుకునే స్వేచ్ఛ నీది, ఫలితం మాత్రం నీ చేతిలో లేదు. వినడానికి మన కర్మ సిద్ధాంతంలా ఉంటుంది కాబట్టి మనవాళ్లూ తలూపేస్తారు. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. సిగరెట్ తాగితే ఊపిరితిత్తులు పాడవుతాయి, అది ఫలితం. సిగరెట్ తాగాడని కూతురి పెళ్లి చూడనివ్వకపోవడం శిక్ష. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని వేయాలి.

చర్చి చరిత్రే దీనికి సాక్ష్యం. 1833లో ఆ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఈ ఆహార నియమం ప్రకటించినప్పుడు, ఇది ఆజ్ఞ కాదు, నిర్బంధం కాదు అని అందులోనే ఉంది. 1921 నాటికి అదే టెంపుల్ కార్డుకు షరతైంది. అసలు మాట 'వేడి పానీయాలు'. ఇప్పుడేమో ఐస్ కాఫీ కూడదు, పొగలు కక్కే హాట్ చాక్లెట్ తాగొచ్చు, కోలాకీ అడ్డు లేదు. (మన దేశంలో వీళ్ల మొదటి 'స్టేక్', అంటే స్థానిక సంఘాల కూటమి, 2012లో వెలిసింది హైదరాబాద్‌లోనే. ఇరానీ చాయ్ ఊళ్లో టీ వద్దనేవాడు రోజుకి ఎంతమందికి సంజాయిషీ చెప్పుకోవాలో!)

పెళ్లి సంగతి మరీ విచిత్రం. అమెరికాలో ముందు అందరి ఎదుట సివిల్ పెళ్లి చేసుకున్న జంట టెంపుల్ పెళ్లికి ఏడాది ఆగాల్సి వచ్చేది. ఆగలేని పిల్లలు అమ్మానాన్నల్ని బయట కూర్చోబెట్టి లోపలికి వెళ్లేవారు. బ్రిటన్‌లో మాత్రం పెళ్లి బహిరంగంగా జరగాలని చట్టం ఉంది కాబట్టి ఆ ఏడాది గడువు లేదు. అట్లాంటిక్‌కు ఇటొక దేవుడు, అటొక దేవుడా? చివరికి 2019 మేలో ఒక్క ప్రకటనతో చర్చి ఆ గడువు ఎత్తేసింది. నిప్పు ముట్టుకుంటే చెయ్యి కాలడం ఏ సర్క్యులర్‌తోనైనా ఆగిందా?

ఇష్టపడి చేరారు, క్లబ్బుకైనా రూల్స్ ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. కష్టమొస్తే ఇంటికి సరుకులు పంపే సంఘం అది, కాదనను. కానీ అందులో పుట్టిన పిల్లలకు బాప్తిస్మం ఇచ్చేది ఎనిమిదేళ్లకి. మనం ఆ వయసు పిల్లని రోడ్డు కూడా ఒంటరిగా దాటనివ్వం.

నిజానికి మోర్మన్ల మీద నాకు ప్రత్యేకంగా కోపమేం లేదు. నా గొడవంతా వెలితో. మన ఊళ్లలో కట్టుబాటు దాటినవాడిని ఎవరూ కొట్టక్కర్లేదు. మాట్లాడటం మానేస్తారు, కిరాణా కొట్లో సరుకులివ్వరు. అడిగితే 'వాడు కోరి తెచ్చుకున్నాడు' అంటారు. మోర్మన్ల కేంద్రమైన అమెరికా రాష్ట్రం యూటాలో చెప్పే మాటకీ దీనికీ తేడా భాషలోనే. దీన్ని ఆపాలని బొంబాయి రాష్ట్రం 1949లో చట్టం చేస్తే, దావూదీ బోహ్రాలనే ముస్లిం శాఖ మతగురువు కోర్టుకెక్కారు. మతపరమైన కారణాలతో వెలివేయడం మత స్వేచ్ఛలో భాగమేనంటూ 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. వెలిపడ్డవాడి బతుకు అంటరానివాడి బతుకవుతుందని ప్రధాన న్యాయమూర్తి సిన్హా ఒక్కరే దాంతో విభేదిస్తూ తీర్పు రాశారు. అరవై ఏళ్ల తర్వాత, 2023లో, సుప్రీంకోర్టే ఆ తీర్పును తిరిగి చూడాలంటూ తొమ్మిది మంది జడ్జీల బెంచ్‌కు పంపింది. ఆ కేసులో ఖబరస్తాన్ ప్రస్తావన కూడా ఉంది. వెలిపడ్డ బోహ్రా చనిపోతే సంఘం ఖబరస్తాన్‌లో పూడ్చనివ్వరు. శవం ఏం ఎంచుకుందని?