నొప్పికి సరిపడా టోపీ

మా అత్తగారి ఎడమ మోకాలి మీద ఊదారంగు బాణం గుర్తు ఒకటి వారం రోజులు ఉండిపోయింది. ఆపరేషన్ జరిగింది మాత్రం కుడి మోకాలికి.

చెన్నైలో తెలుగువాడి ఇల్లంటే ఆసుపత్రికి పోయే దారిలో ఉన్న సత్రం. నెల్లూరులో ఎవరికి గుండె పట్టేసినా, సూళ్ళూరుపేటలో ఎవరి కిడ్నీలో రాయి పడినా సెంట్రల్‌లో దిగి పెరంబూరులో మా ఇంటికొస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస కాబట్టి ఈ ఊళ్ళో ఏ ఆసుపత్రి క్యాంటీన్‌లో వడ బాగుంటుందో నాకు తెలుసు. అత్తగారి మోకాలు కూడా ఆ దారినే వచ్చింది.

ఆపరేషన్ రోజు పొద్దున ఆరింటికి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ఫైలు తిరగేశాడు, పెన్ను తీశాడు, ఎడమ మోకాలి మీద శ్రద్ధగా బాణం గీశాడు. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని అత్తగారు చిరాకు మీదున్నారు. "నాయనా, నొప్పి ఆ కాల్లో గదా, ఈ కాలి మీద రాస్తావేం?" అన్నారు. అతనికి తెలుగు రాదు. నేను కంగారులో తమిళం మరిచిపోయి "కుడి, కుడి" అని అరిచాను. తమిళంలో కుడి అంటే తాగు అని. పక్కనున్న నర్సమ్మ ఉలిక్కిపడి, పేషెంటుకి ఏమీ తాగించకూడదని నాకు గట్టిగా చీవాట్లు పెట్టింది. అప్పుడు నాకు తమిళం గుర్తొచ్చి "వలదు, వలదు" అన్నాను. తమిళంలో కుడిని వలదు అంటారు. అత్తగారికి అది తెలుగు వలదు లాగానే వినపడింది. ఆపరేషన్ వద్దంటున్నాననుకుని ఆవిడ లేచి కూర్చున్నారు.

చివరికి ఆ అబ్బాయి సారీ చెప్పి కుడి మోకాలి మీద ఇంకో బాణం గీశాడు. మొదటిది చెరపడానికి స్పిరిట్ దూది తెస్తానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అత్తగారు రెండు బాణాలతోనే థియేటర్‌లోకి వెళ్ళారు. దేవుడి దయవల్ల పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూసుకునే మనిషి.

ఆ రాత్రి మా బావమరిది కొడుకు టెక్సస్ నుంచి ఫోన్ చేశాడు. వాడు అక్కడ డాక్టరు. బాణం సంగతి చెబితే నవ్వుతాడనుకున్నాను. వాడు సీరియస్ అయిపోయాడు. "ఇదే ఇక్కడైతే రేపటికల్లా లాయర్ దిగేవాడు మామయ్యా. అందుకే మాకు క్యాప్ పెట్టుకున్నాం. ఇండియాలో కూడా పెట్టాలి. లేకపోతే డాక్టర్లు బతకలేరు" అన్నాడు.

క్యాప్ అంటే టోపీ. తెలుగువాడికి టోపీ పెట్టడమంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ఇది కుచ్చుటోపీ కాదు, పరిహారం ఇంతకు మించకూడదని పెట్టే చట్టబద్ధమైన టోపీ. వైద్యంలో పొరపాటు జరిగి మనిషికి నష్టమైతే ఆ నష్టాన్ని రెండు రాశులు పోస్తారు. పోయిన జీతం, మందులు, నర్సు, చక్రాల కుర్చీ లాంటివన్నీ ఒక రాశి. వీటికి బిల్లులుంటాయి. నొప్పి, అవిటితనం, రాత్రిళ్ళు నిద్రపట్టకపోవడం రెండో రాశి. వీటికి బిల్లులుండవు. టోపీ పెట్టేది ఈ రెండో రాశికే. టెక్సస్‌లో 2003లో రాజ్యాంగ సవరణకి ఓట్లు వేయించి మరీ పెట్టారు. ఎంతమంది డాక్టర్లు కలిసి చేసిన పొరపాటైనా వాళ్ళ నుంచి నొప్పి కింద రెండున్నర లక్షల డాలర్లే. ఆసుపత్రులు కూడా కలిస్తే ఏడున్నర లక్షలు. అంతకుమించి నొప్పి పుట్టడం చట్టవిరుద్ధం.

నేను చట్టాల్ని గౌరవించే మనిషిని. కాబట్టి ఈ టోపీని మా అత్తగారి నెత్తిన పెట్టి చూశాను.

ఆ కుర్ర డాక్టరు గీసిన బాణాన్నే అందరూ నమ్మి ఎడమ మోకాలు కోసేశారనుకుందాం. ఆవిడకి 74 ఏళ్ళు. జన్మలో జీతం తీసుకోలేదు. కాబట్టి పోయిన జీతం సున్నా. 2001లో సుప్రీంకోర్టు ఒక అగ్నిప్రమాదం కేసులో ఇల్లాలి చాకిరీకి నెలకు 3,000 రూపాయలు లెక్కకట్టింది. ఈ మాట చెబితే అత్తగారు "మీ మామగారి కాఫీ, టిఫిన్లు చెయ్యడానికే ఐదువేలు చేస్తుంది. అందులో ఆయన్ని భరించినందుకు ఏమీ వెయ్యలేదా?" అన్నారు. వెయ్యలేదు. అంటే మొదటి రాశిలో ఆవిడకి పెద్దగా ఏమీ లేదు. ఆవిడకున్నదంతా రెండో రాశే. టోపీ సరిగ్గా దాని మీదే వచ్చి కూర్చుంది. అదే కాలు ఏ కంపెనీ మేనేజర్‌దో అయితే అతని జీతం మొత్తం మొదటి రాశిలో నిక్షేపంగా, టోపీ లేకుండా ఉంటుంది. ముసలమ్మలకి, పసిపిల్లలకి, వంటింటి వాళ్ళకి మాత్రమే సరిపోయే సైజులో ఈ టోపీ కుట్టిన దర్జీ పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

దీనికి ఆది కాలిఫోర్నియా. 1975లో మిక్రా అనే చట్టం తెచ్చి నొప్పికి రెండున్నర లక్షల డాలర్ల టోపీ కుట్టారు. ధరలతో పాటు టోపీ పెరగాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. 1975లో పుట్టిన బిడ్డకి 2022 వచ్చేసరికి 47 ఏళ్ళొచ్చాయి, టోపీ మాత్రం అదే సైజు. ఈలోగా అక్కడ ధరలు ఐదు రెట్లు దాటాయి. 2014లో పెంచుదామని ఓటింగ్ పెడితే జనమే ఓడించారు. చివరికి 2022లో గవర్నర్ న్యూసమ్ సంతకంతో, 2023 నుంచి బతికున్నవాడికి మూడున్నర లక్షలు, చనిపోతే ఐదు లక్షలు చేశారు. పదేళ్ళలో అవి మెల్లగా ఏడున్నర లక్షలకీ పది లక్షలకీ పాకుతాయి. మా అపార్ట్‌మెంట్ సంఘం మెయింటెనెన్స్ పెంచడంలో చూపించే నిదానం ఇంతకంటే నయం.

మరి టోపీ పెట్టాక, ఇలాంటి పరిహారాలు కట్టాల్సొస్తే ఆదుకోవడానికి డాక్టర్లు తీసుకునే ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గిందా? ఇక్కడే అసలు కొట్లాట. తగ్గింది టోపీ వల్లేనని డాక్టర్ల సంఘాలంటాయి. కాదు, 1988లో అదే కాలిఫోర్నియాలో ప్రాపొజిషన్ 103 అనే చట్టం వచ్చాక, అంటే రేటు పెంచాలంటే ముందు ఇన్సూరెన్స్ కమిషనర్ అనుమతి తీసుకోమని కంపెనీల ముక్కుకి తాడేశాకే తగ్గిందని వినియోగదారుల సంఘాలంటాయి. ఇద్దరి దగ్గరా గ్రాఫులున్నాయి. రోగి నెత్తిన టోపీ పెడితే కంపెనీకి ఖర్చు తగ్గుతుంది, సరే. కానీ మిగిలిన డబ్బు డాక్టరు ప్రీమియంలోకే వెళ్ళాలని ఆ డబ్బుకి చెప్పేదెవరు? మావాడిని ఇదే అడిగితే "మార్కెట్ మామయ్యా" అన్నాడు. మార్కెట్ సంగతి నాకు తెలుసు. ఆటోకి కనీసం 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 12 అని 2013లో తమిళనాడు ప్రభుత్వం కూడా టోపీ పెట్టింది. ఆ రేటుకి సెంట్రల్ స్టేషన్ బయట ఆటో ఎక్కినవాడు ఎదురైతే కాళ్ళకి దణ్ణం పెడదామని చూస్తున్నాను. బేరమాడగలిగినవాడి నెత్తిన టోపీ నిలవదు. మంచం మీద పడుకున్నవాడి నెత్తిన చక్కగా నిలుస్తుంది.

టోపీలన్నీ చెడ్డవని నేననను. అత్తగారి మోకాల్లో పెట్టిన లోహం ముక్కకి 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. మామూలు రకం కోబాల్ట్ క్రోమియందానికి 54,720 రూపాయలు. అంతకుముందు దాన్ని లక్షన్నర దాకా లాగేవారు. ఆ టోపీకి మాత్రం నా నమస్కారం. చూడండి మరి, మోకాలి చిప్పకీ గరిష్ఠ ధర ఉంది, మోకాలి నొప్పికీ గరిష్ఠ ధర కావాలంటున్నారు. మధ్యలో ఆసుపత్రి గదికి మాత్రం ఎవరూ అడగరు.

మావాడి భయం ఏమిటంటే, ఇండియాలో కోర్టులు కోట్లకి కోట్లు ఇచ్చేస్తున్నాయని. ఆ కోట్లు చూద్దాం. 1995లో సుప్రీంకోర్టు డాక్టర్లని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చాక అన్నిటికంటే పెద్ద మొత్తంగా పేరు మోగింది కోల్‌కతా కేసు. 1998లో మనిషి పోయింది, 2013లో దాదాపు ఆరు కోట్లు ఇమ్మన్నారు. అందులో 5.72 కోట్లు పోయిన ఆదాయం, ఎందుకంటే ఆవిడ అమెరికాలో సంపాదించాల్సిన మనిషి. ఆవిడ పడ్డ నొప్పికి పది లక్షలు. భార్యని పోగొట్టుకున్నందుకు భర్తకి లక్ష. టోపీ లేని దేశంలో కోర్టు వేసిన లెక్క ఇది. నొప్పికి మనవాళ్ళు ఎప్పుడూ తలపాగా చుట్టలేదు, తల గుడ్డ కూడా కప్పలేదు. కొత్తగా టోపీ పెట్టడానికి అక్కడ చోటెక్కడిది?

మన హైదరాబాదు నిమ్స్‌లో 1990లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఆపరేషన్ చేస్తే నడుం కింద చచ్చుబడింది. సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇమ్మన్నది 2009లో. ఇక్కడే చెన్నైలో ఎగ్మోరు ప్రభుత్వ ఆసుపత్రిలో 1996లో నెలలు నిండకుండా ఒక ఆడపిల్ల పుట్టింది. అలాంటి బిడ్డలకి తప్పకుండా చెయ్యాల్సిన కంటి పరీక్ష చెయ్యకుండానే ఇంటికి పంపేశారు. చూపు పోయింది. జాతీయ వినియోగదారుల కమిషన్ ఐదు లక్షలిచ్చింది. సుప్రీంకోర్టు 2015లో, ముందు ముందు ధరలు పెరుగుతాయి కదా అని ఆ పెరుగుదల కూడా లెక్కలో కలిపి, కోటీ ఎనభై లక్షలు చేసింది. కాలిఫోర్నియాకి 47 ఏళ్ళు తోచని సంగతి మనవాళ్ళకి ఒక్క కేసులో తోచింది. కాకపోతే ఆ ఒక్క కేసు తేలేసరికి పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండాయి. టోపీ పెట్టాలంటే ముందు ఈ ఏళ్ళకి పెట్టొచ్చు. ఆ డిమాండు డాక్టర్ల వైపు నుంచీ రాదు, ఇన్సూరెన్స్ వైపు నుంచీ రాదు.

ఇంతా రాసి మావాడి మాట చెప్పకపోతే పాపం. డాక్టర్ల భయం ఉత్తదేం కాదు. 2024 నవంబరులో గిండీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక రోగి కొడుకు క్యాన్సర్ డాక్టర్ని కత్తితో పొడిచాడు. ఆ వారం మా వీధి క్లినిక్ డాక్టరమ్మ తలుపు సగమే తీసి చీటీలు రాసింది. ఆవిడకి కావాల్సింది గుమ్మం దగ్గర ఒక మనిషి కాపలా. నొప్పికి రేటు పెడితే కత్తికి పదును ఎలా తగ్గుతుందో నాకు అర్థం కాలేదు.

ఇక డిశ్చార్జ్ రోజుకొద్దాం. సాయంత్రం నాలుగింటికే వెళ్ళిపోవచ్చన్నారు. ఆసుపత్రి ఫైనల్ బిల్లు పంపిన మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ అవునో కాదో తేల్చాలని, ఆ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో నియమం పెట్టింది. ఐఆర్‌డీఏఐ ఆఫీసు హైదరాబాదులోనే కాబట్టి మనవాళ్ళే అన్న ధైర్యంతో నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఆ మూడు గంటలు ఎప్పట్నుంచి మొదలైనట్టో బిల్లింగ్ కౌంటర్ అబ్బాయికి తెలియదు. అత్తగారు చీర మార్చుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు మంచం అంచున కూర్చున్నారు.

రాత్రి తొమ్మిదికి కాగితం వచ్చింది. ఐదు లక్షల పాలసీ, గది అద్దె అందులో ఒక శాతం, అంటే రోజుకి 5,000 దాటకూడదు. ఆ గదులు ఖాళీ లేవని మాకు 7,500 గది ఇచ్చారు. కాబట్టి గది అద్దెలోనే కాదు, సర్జన్ ఫీజులో, థియేటర్ చార్జీలో కూడా మూడోవంతు కోసేశారు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ లెక్క రెండుసార్లు చదివించుకున్నారు. "ఆ గదిలో పడుకున్నది నేను గదా అల్లుడుగారూ. డాక్టరు కూడా అక్కడే పడుకున్నాడా, ఆయన కూలి కూడా కోశారు?" అని అడిగారు. కౌంటర్ అబ్బాయి దానికి ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారని వినయంగా చెప్పాడు. అత్తగారు ఆ పదాన్ని నోట్లో ఒకసారి తిప్పి చూసి వదిలేశారు.

రెండో పేజీలో, కంపెనీ విడిగా డబ్బులివ్వని వస్తువులు. షూ కవర్, గౌను, టిష్యూ పేపర్, వాటి మధ్యలో పెద్ద అక్షరాల్లో క్యాప్స్. నిబంధనల పట్టికలోనే అది ఉంది, ఓడికొలోన్‌కీ దువ్వెనకీ దగ్గర్లో. టోపీ ఖర్చు గది అద్దెలోనే కలిసుందని కంపెనీ అంటుంది. ఆసుపత్రి విడిగా వేసింది. నాలుగు టోపీలు, 160 రూపాయలు. ఎవరి తప్పో తేల్చుకోవాలంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలి. నాకు అరవై రెండేళ్ళు. కట్టేశాను.

ఇంటికొచ్చాక సంచీ సర్దుతుంటే అందులో ఆకుపచ్చ టోపీ ఒకటి బయటపడింది. థియేటర్‌లో అత్తగారికి పెట్టింది. స్నానానికి జుట్టు తడవకుండా పనికొస్తుందని దాచుకున్నారట. సరిగ్గా అప్పుడే టెక్సస్ నుంచి వీడియో కాల్. మావాడు నాయనమ్మని టోపీతో చూసి తెగ మురిసిపోయాడు. ఆవిడ మాత్రం మురవలేదు.

"ఒరే, నాలుగిటికి డబ్బులు గుంజారు. ఒకటే ఇచ్చారు. మిగతా మూడూ ఏవి?"

"అవి డాక్టర్లు పెట్టుకున్నవి నాయనమ్మా."

"వాళ్ళు పెట్టుకున్నవాటికి నేనెందుకు కట్టాలిరా?"

మావాడు సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు.