వ్యాన్‌ప్రస్థాశ్రమం

బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం అని పెద్దలు నాలుగు ఆశ్రమాలు పెట్టారు. వీటిలో మొదటిదాన్ని హైదరాబాద్ ఓనర్లు ఎప్పుడో రద్దు చేశారు. ‘బ్యాచిలర్స్‌కు ఇవ్వబడదు’ అని టూలెట్ బోర్డు మీదే రాసి ఉంటుంది. రెండోదానికి మాదాపూర్‌లో అడ్వాన్సు, మెయింటెనెన్సు, ఎండాకాలంలో ట్యాంకరు వాటా కట్టాలి. నాలుగోది ఈఎంఐలు తీరనివారికి చెల్లదు. ఇక మిగిలింది మూడోది. దానికి అడవి కావాలి. ఊళ్లో మిగిలిన అడవి కేబీఆర్ పార్కు. రాత్రయితే దానికీ గేటు వేస్తారు. అందుకని కొందరు సాఫ్ట్‌వేరు సాధకులు ఒక అక్షరం సవరించుకుని వ్యాన్‌ప్రస్థం స్వీకరిస్తున్నారు. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రాత్రులు గచ్చిబౌలి చుట్టుపక్కల వ్యాన్‌లో. శుక్రవారం సాయంత్రం మాసిన బట్టలతో సహా వరంగల్‌కో నల్గొండకో, అమ్మ దగ్గరికి. ఈ పార్ట్‌టైమ్ దీక్ష గురించి ధర్మశాస్త్రాలు ఏమీ సెలవివ్వలేదు గనక ఆ లోటు పూరించడానికి పూనుకున్నాం.

ముందు స్థలం సంగతి. మన ఊరివాళ్లకు ఏదైనా గజాల్లో చెబితేనే బుర్రకెక్కుతుంది. మారుతి ఈకో పొడవు 3,675 మిల్లీమీటర్లు, వెడల్పు 1,475. గజాల్లోకి దించితే ఆరున్నర. అందులో డ్రైవరు సీటు, స్టీరింగు, బంపర్లు పోగా మిగిలేది మంచం, మంచం పక్కన చెప్పులు విప్పేంత జాగా. అయితేనేం, దీనికి లేఅవుట్ క్రమబద్ధీకరణ (ఎల్‌ఆర్‌ఎస్) అక్కర్లేదు, లింకు డాక్యుమెంట్లు అక్కర్లేదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చిన దగ్గర్నుంచి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్ అనే మాటలు వింటే విల్లాల వాళ్లకు చెమటలు పడుతున్నాయి. మన ఇల్లు చెరువు గట్టు మీదే ఉన్నా, జేసీబీ అటు నుంచి వస్తుంటే ఇటు నుంచి రివర్స్ గేరు వేసుకుంటాం. మినీబస్సంత ఫోర్స్ ట్రావెలర్ కొనుక్కుంటే ఇంకా విశాలంగా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ మాదాపూర్ అయ్యప్ప సొసైటీ సందుల్లో దాన్ని తిప్పడానికే ఒక జీవితం చాలదు. సెల్లార్ల ముందు వేలాడే ఇనప రాడ్డు దగ్గర దాని ప్రయాణం ముగుస్తుంది.

ఇక వాస్తు. లక్షలు పోసి కొన్న ఫ్లాటుకు గుమ్మం మార్చాలంటే గోడ పగలగొట్టాలి. వ్యాన్‌కు స్టీరింగు తిప్పితే చాలు. ఈకోకు రెండు వైపులా జరిగే తలుపులున్నాయి గనక సింహద్వారం కూడా మన ఇష్టం. వంట వెనక డిక్కీలో పెట్టుకుంటే, బండి ముక్కు వాయవ్యానికి ఉండేలా ఆపితే చాలు, స్టవ్వు సరిగ్గా ఆగ్నేయంలో పడుతుంది. ఇంతవరకూ శుభం. చిక్కల్లా నిద్ర దగ్గర. తల దక్షిణానికి పెట్టాలంటే బండిని ఉత్తర దక్షిణాలకు తిప్పాలి, అప్పుడు స్టవ్వు ఆగ్నేయం తప్పుతుంది. కడుపా, నిద్రా అన్నది గృహస్థు తేల్చుకోవాలి. అది తేలాక మున్సిపాలిటీవారు వేసిన రోడ్డు ఏ దిక్కున పోతే బండి ఆ దిక్కునే నిలబడుతుంది, అది వేరే సంగతి.

వాస్తుకన్నా గట్టిది వాలు. జూబ్లీహిల్స్‌లో సమతలం దొరకడం దుర్లభం. తల కిందికి, కాళ్లు పైకి ఉంటే తెల్లారేసరికి మొహం ఉబ్బుతుంది. పక్కకు వాలితే రాత్రంతా తలుపును కౌగిలించుకుని పడుకోవాలి. మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం ఒకటి నేల మీద అతికించి, దిగువ వైపు చక్రాల కింద చెక్క వేసి బండిని దాని మీదికి ఎక్కించాలి. ఈకో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,350 మిల్లీమీటర్లు. ఆ లెక్కన రెండంగుళాల చెక్క ఒక డిగ్రీకి కాస్త పైన సర్దుతుంది. అంతకు మించిన వాలైతే జాగా మార్చడమే మంచిది. వీధిపోటు ఉన్నచోట బండి ఆపకూడదని మన పంతుళ్లు చెప్పకపోయినా మేం చెబుతున్నాం: మలుపు తిరిగే ప్రతి బండి లైటూ నేరుగా మంచం మీద పడుతుంది, బ్రేకు పడని బండి కూడా.

అన్నిటికన్నా పెద్ద యజ్ఞం ఎండ. మే నెల మధ్యాహ్నం ఇనప రేకు టాప్ మీద చెయ్యి పెడితే చెయ్యి మనది కాదు. లోపల మనిషి ఉడకకుండా ఉండాలంటే టాప్ లోపలి వైపు, తలుపుల డొల్లల్లో ఇన్సులేషన్ వేయాలి. చవకని థర్మాకోల్ పెడితే బండి కదిలినప్పుడల్లా కిచకిచలాడుతుంది. గ్లాస్‌వూల్ పెడితే తేమ తాగి, రేకును లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. ఏసీ డక్టులకు చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు ఫోము 13 మిల్లీమీటర్లది సరిగ్గా సరిపోతుంది. రేకును థిన్నర్‌తో శుభ్రంగా తుడిచి, వేడికి ఆగే రబ్బరు గమ్ము రేకుకూ షీటుకూ రెండింటికీ రాసి, చేతికి అంటుకోనంత ఆరాక అతికించాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. మామూలు గమ్ముతో, దుమ్ము మీద అతికించిన షీటు శివరాత్రి దాకా నమ్మకంగా ఉంటుంది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గమ్ము మెత్తబడి, ముందు ఒక మూల జారి, తర్వాత నెమ్మదిగా నడుము వంచుకుని, చివరికి మొత్తం తడి దుప్పటిలా పడక మీదికి దిగుతుంది. దాని వెంట నల్లటి తీగలు తీగలుగా గమ్ము. జుట్టుకు అంటితే కత్తెరే శరణ్యం.

గాలి ఆడటానికి టాప్‌కు రంధ్రం చేద్దామని ఉత్సాహం పుడుతుంది. చేయవచ్చు. ఆ రంధ్రం చుట్టూ సిలికాన్ పూస్తే మాత్రం రెండు వర్షాలకు అంచు లేస్తుంది. పాలీయురెథేన్ సీలెంటు వాడాలి, కోసిన అంచుకు ముందే ప్రైమరు కొట్టాలి. వీటన్నిటికన్నా సులువు, వెనక కిటికీ అద్దానికి బదులు అల్యూమినియం షీటు పెట్టి దానికి కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు బిగించడం. కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఒకటి గాలిని లోపలికి లాగాలి, ఒకటి బయటికి తోయాలి. రెండూ ఒకే వైపు తిప్పితే ఏమవుతుందో చూసినవాళ్లు ఉన్నారు: దోమతెర బెలూన్‌లా ఉబ్బుతుంది, చెమట మాత్రం తగ్గదు. నిద్రలో మనిషి ఊపిరి, చెమట ద్వారా వదిలే నీరు పావు లీటరు దాటుతుంది. డిసెంబరులో ఆ నీరంతా రేకుకు పట్టి, తెల్లవారుజామున చుక్కచుక్కగా ముక్కు మీద పడుతుంది. అభిషేకం అనుకుంటే అభిషేకమే.

కరెంటు విషయానికొస్తే ప్రభుత్వం మనకు అన్యాయం చేసింది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం, కానీ మీటరు ఉండాలట. వ్యాన్‌లో 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేటు బ్యాటరీ పెడితే అది 1.28 యూనిట్లు. రాత్రంతా 20 వాట్ల ఫ్యాను, 60 వాట్ల ల్యాప్‌టాప్ నాలుగు గంటలు, లైట్లు, చిన్న ఫ్రిజ్జు కలిపితే ఒక యూనిట్ దగ్గరికి వస్తుంది. అంటే పొదుపుగా ఒక రోజు గడుస్తుంది. దీనికే ఏసీ తగిలిద్దామనే మహానుభావులున్నారు. కిలోవాటు లాగే ఏసీ ఈ బ్యాటరీని గంటలో ఊడ్చేస్తుంది. ఇంజను ఆన్‌లో పెట్టి బండి ఏసీలో నిద్రపోతాం అనేవాళ్లకు మాత్రం వ్యంగ్యం పక్కన పెట్టి చెప్పాలి: సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, నిద్ర లేపదు. సెల్లార్‌లో అయితే ఇంకా ప్రమాదం.

మరి సోలార్? ఇందులో ఒక వేదాంతం ఉంది. ప్యానెల్‌కు ఎండ కావాలి, మనిషికి నీడ కావాలి, రెండూ ఒకే టాప్ మీద ఉన్నాయి. వేపచెట్టు కింద ఆపితే ప్యానెల్ ఉపవాసం. ఒక్క కొమ్మ నీడ అడ్డం పడినా ఉత్పత్తి సగానికి పైగా పడిపోవచ్చు. ఎండలో ఆపితే సాయంత్రానికి బ్యాటరీ నిండుతుంది, లోపల పెట్టిన పెరుగు పుల్లగా పొంగుతుంది. ఈ ద్వైతాన్ని పరిష్కరించింది మన ట్రాఫిక్. ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జరు పెట్టుకుంటే గంట ప్రయాణానికి 350 వాట్ అవర్లు దాకా ఎక్కుతుంది. కూకట్‌పల్లి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు ఆఫీసు వేళలో ఒకసారి వెళ్లొస్తే సగం బ్యాటరీ నిండినట్టే. నగరంలో జామ్‌ను ఆదాయంగా రాసుకునే వర్గం ఇదొక్కటే. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ పూర్తి కరెంటు ఇవ్వదు గనక బొత్తిగా కదలని జామ్ కన్నా పాక్కుంటూ పోయే జామ్ శ్రేష్ఠం. ఛార్జరు దండగని నేరుగా వైరు కలిపేస్తే లిథియం ఆబగా లాగి ఆల్టర్నేటర్‌ను కాలుస్తుంది. వైరు 10 చదరపు మిల్లీమీటర్లది, బ్యాటరీకి జానెడు దూరంలో 40 ఆంపియర్ల ఫ్యూజు. ఇంట్లో మిగిలిన రెండున్నర ఎంఎం వైరు వాడేవాళ్లకు చలికాలంలో హీటరు ఖర్చు కలిసొస్తుంది.

చెక్కపని దగ్గర మన కార్పెంటర్లు 18 ఎంఎం ప్లైవుడ్డుకు తక్కువైతే చెయ్యి పెట్టరు. ఎనిమిది బై నాలుగు షీటు ఒకటి 30 కిలోలు పైనే తూగుతుంది. మూడు షీట్ల ఫర్నిచరంటే ఒక బరువైన బంధువును ఎల్లకాలం వెనక కూర్చోబెట్టుకోవడమే. 12 ఎంఎం, అల్యూమినియం యాంగిల్ చాలు. ఆటోనగర్ లారీ బాడీ మేస్త్రీల మాట వినాలి: వణికే బండిలో చెక్క స్క్రూ నిలవదు, ఆరపార బోల్టు వేసి, వణుకుకు వదులు కాని నైలాక్ నట్టు బిగించాలి. ఆ మాటకొస్తే క్యాబిన్‌లో పడుకుని, బండి నీడన స్టవ్వు వెలిగించి అన్నం వండుకునే లారీ డ్రైవర్లు ఈ దీక్షలో ఎన్నో దశాబ్దాలుగా ఉన్నారు. దానికి ఇంగ్లీషు పేరుందని వాళ్లకెవరూ చెప్పలేదు.

వంట గురించి ఒక్క హెచ్చరిక. అన్నం 300 వాట్ల చిన్న కుక్కర్లో అరగంటలో అయిపోతుంది. పోపు మాత్రం బండి లోపల పెట్టకూడదు. నూనె కాగి, ఆవాలు చిటపటమని, ఎండుమిర్చి నల్లబడే ఆ అర నిమిషంలో ఆరున్నర గజాల ఇంట్లో ఊపిరాడదు. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా దగ్గుతారు. ఇంగువ వేస్తే ఆ దుప్పటి కప్పుకుని వారం పాటు ఆఫీసులో సాంబారులా పరిమళిస్తారు. డిక్కీ ఎత్తి, బయట నిలబడి వేయాలి. గ్యాసు 5 కిలోల చిన్న సిలిండరే అయినా, ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. నేల దగ్గర గాలి పోయే దారి ఉండాలి. తెలివైనవాళ్లు ఇవేవీ పెట్టుకోకుండా అమ్మ పంపిన గోంగూర పచ్చడి, కందిపొడి, పెరుగన్నంతో నాలుగు రోజులూ నెట్టుకొస్తారు.

నీళ్లకు 20 లీటర్ల క్యాన్ ఒకటి, మురుగుకు అలాంటిదే ఇంకొకటి. నెలకు 20,000 లీటర్ల ఉచిత నీళ్ల పథకం మనకూ వర్తింపజేస్తే క్యాన్లు వెయ్యి మోయాలి, వద్దులెండి. స్నానం జిమ్‌లో. మిగతా విషయం ఆఫీసు ఏడో అంతస్తులో, బ్యాడ్జి గీకాక.

చట్టం మాటేమిటని అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి స్వరూపం ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 182ఎ ప్రకారం ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. ఇన్సూరెన్సువాళ్లకు చెప్పకుండా మారిస్తే క్లెయిము రోజున వాళ్లూ పురాణం విప్పుతారు. అందుకే నేలకు బిగించిన మంచాన్ని మార్పు అంటారు గానీ పెట్టెలా మడిచి, బెల్టుతో కట్టినదాన్ని సామాను అంటారని ఈ ఆశ్రమంలో ఒక మీమాంస నడుస్తోంది. తీర్పు రాత్రి రెండింటికి టార్చి వేసే కానిస్టేబుల్‌ది. “ఏం సార్, గీడ పండుకున్నరు?” అంటే ‘వ్యాన్ లైఫ్’ అని ఉపన్యాసం మొదలుపెట్టకూడదు. ఆర్సీ, ఐడీ కార్డు చూపించి, జరగమంటే జరగాలి.

చివరిగా, శుక్రవారం సాధకుడు బస్సెక్కి ఊరికి పోతే మూడు రోజులు బండి ఎక్కడుండాలి? రోడ్డు మీద వదిలితే బ్యాటరీ ఎవరిదో అవుతుంది, చెట్టు కింద వదిలితే వైర్లు ఎలుకలవి. కనుక కొండాపూర్‌లో ఎవరిదో ఇంటి ఖాళీ పార్కింగు అద్దెకు తీసుకోక తప్పదు. ఆరున్నర గజాలకు నెల అద్దె, రెండు నెలల అడ్వాన్సు. ఓనరు గేటు పట్టుకుని అడుగుతాడు:

“ఒక్కరేనా, ఫ్యామిలా?”

“బండి ఒక్కటేనండీ.”

“బండి సరే. అండ్ల నీసు వండుతరా?”