నమ్మినబంటు గారికి

సాఫ్ట్‌బాల్ ఆటలో పేరుమోసిన ఎత్తుగడ, మహారాజశ్రీ సాక్రిఫైస్ బంట్ గారికి,

కావలికి తూర్పున, రొయ్యల గుంటలు దాటాక, సర్కారు తుమ్మల మధ్య ఉన్న ఒక జెడ్పీ హైస్కూల్ గ్రౌండ్ నుంచి పీఈటీ మేడమ్ రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం నేను అడగక్కర్లేదు. అవుట్ అయ్యేది ఎప్పుడూ మా పిలకాయలే గానీ మీరు కాదు గదా.

మీ పేరు మా వాళ్ల నోట్లో మొదటి రోజే "బంటు" అయిపోయింది. నేనూ దిద్దలేదు. రామబంటు, నమ్మినబంటు, చదరంగంలో బంటు, అన్నీ మర్యాదైన పేర్లే అనుకున్నా. తర్వాత ఆలోచిస్తే ఒక్కటీ మీకు సరిపోలేదు. రామబంటు సముద్రం దాటి, లంక తగలబెట్టి, క్షేమంగా తిరిగొచ్చాడు. చదరంగంలో బంటు ఆఖరి గడి దాకా పోతే మంత్రి అవుతుంది. నాలుగు బేసులూ చుట్టి వస్తేనే పరుగైన ఈ ఆటలో, మీ మాట విన్న పిల్ల మాత్రం 60 అడుగుల అవతల ఉన్న ఫస్ట్ బేస్ కూడా చేరకుండా వెనక్కొచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. పైగా చప్పట్లు కొట్టించుకుంటుంది.

మా హెచ్ఎం సారుకు మిమ్మల్ని పరిచయం చేసిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. బ్యాటు ఊపదు సార్, అడ్డంగా పెట్టి బంతిని కాళ్ల ముందు పడేస్తుంది, వాళ్లు ఎత్తి ఫస్ట్ బేస్‌కు విసురుతారు, ఈ పాప అవుట్, ఈలోగా ఫస్ట్ బేస్ మీదున్న పాప సెకండ్‌కు చేరుతుంది అని చెప్పా.

"అంటే తెలిసి తెలిసీ అవుట్ అవుతుందా అమ్మా?"

"అవును సార్. సాక్రిఫైస్ అంటారు."

"త్యాగం! ఆడపిల్లలకు నేర్పాల్సిన ఆటే ఇది" అని ఆయన ఎంత మురిసిపోయారంటే, మర్నాడు ప్రేయర్‌లో ఆ మాట మైకులో చెప్పారు. ఆ దెబ్బతో మా స్కూల్లో మీకు తిరుగులేకుండా పోయింది. అదే గ్రౌండ్‌లో మగపిల్లల టీమ్ కూడా ఆడేది. వాళ్లకు నేను చూపించిన సైగ ఒక్కటే, "కొట్టరా" అని. సెకండ్, థర్డ్ బేసుల మధ్య కాపు కాసే మా షార్ట్‌స్టాప్ పాప ఒకరోజు నీళ్ల బాటిల్ మూత తిప్పుతూ అడిగింది: "మేడమ్, మగపిలకాయలకు త్యాగం సిలబస్‌లో లేదా?" నా దగ్గర జవాబు లేదు. అందుకని గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తి రమ్మన్నా. పీఈటీలకు జవాబు తెలియనప్పుడు రౌండ్లే ఆధారం.

మీ మీద నా భక్తికి మూలం వేరే ఉంది. నేను ఆడిన రోజుల్లో నన్ను రెండో బ్యాటర్‌గా పంపేవాళ్లు. రెండో బ్యాటర్ అంటే మీ ఇంటి ఆడబిడ్డ. ముందు వెళ్లిన పిల్ల ఫస్ట్ బేస్ చేరిందా, నేను వెంటనే మోకాళ్లు వంచి, పై చెయ్యి బ్యాటు మీద సగం దాకా జరిపి, బంతిని కొట్టకుండా పట్టుకున్నట్టు తాకించాలి. ఆ పని బాగా చేసేదాన్ని. కానీ స్కోర్ బుక్‌లో సాక్రిఫైస్ బంట్‌ను బ్యాటింగ్ అవకాశంగా లెక్క కట్టరు. సగటు తగ్గదు, పెరగదు. నెలల తరబడి ఆడి చూసుకుంటే, పెళ్లి భోజనాల్లో వడ్డించినోళ్లకు ఆకు లేనట్టు, నా పేరు ఎదురుగా ఉన్న గళ్లు ఖాళీ. ఆ ఖాళీని నేను క్రమశిక్షణ అనుకున్నా. టీచర్ అయ్యాక దాన్నే పిల్లలకు పంచా.

ఎంత పంచానంటే, మా సైగల్లో టోపీ ముట్టుకుంటే బంట్. చెవి ముట్టుకుంటే బంట్. రెండూ ముట్టుకుంటే తప్పకుండా బంట్. ఒక సాయంత్రం, గుంటల మీదుగా గాలి ఆగిపోయి దోమలు లేచిన వేళ, నా మెడ మీద ఒకటి వాలింది. చటుక్కున కొట్టా. బ్యాటింగ్‌లో ఉన్న పాప నన్ను చూసి బుద్ధిగా బ్యాటు అడ్డం పెట్టింది. అప్పటికి ఇద్దరు అవుట్. బేసులన్నీ ఖాళీ. ఎవరి కోసమమ్మా నీ త్యాగం అంటే, "మీరే గదా మేడమ్ చెప్పింది" అంది. మూడో అవుట్ పడింది, ఇన్నింగ్స్ ముగిసింది, దోమ మాత్రం తప్పించుకుంది.

ఇప్పుడు లెక్కకొద్దాం. మా నెల్లూరులో మొహర్రం వేళ బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు. మీ వ్యాపారమూ పైకి అట్లాగే కనిపిస్తుంది. ఒక అవుట్ రొట్టె ఇచ్చి ఒక బేస్ రొట్టె పుచ్చుకోవడం. కానీ దర్గా దగ్గర ఎన్ని రొట్టెలైనా కాల్చుకుని పోవచ్చు. సాఫ్ట్‌బాల్‌లో 7 ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు 3 అవుట్లు, మొత్తం మా మూటలో 21 రొట్టెలే. అందులో ఒకటి ఊరికే చేతిలో పెట్టమంటారు మీరు.

దానికి బదులు ఏం దొరుకుతుందో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటలకు లెక్క వేసి పెట్టినవాళ్లున్నారు. 2010 నుంచి 2015 దాకా ఆటలు తీసుకుంటే, ఎవరూ అవుట్ కాకుండా ఫస్ట్ బేస్ మీద ఒక రన్నర్ ఉన్నప్పుడు ఆ ఇన్నింగ్స్‌లో అక్కణ్నుంచి సగటున 0.86 పరుగు దాకా వచ్చింది. ఒకరు అవుటై సెకండ్ మీద రన్నర్ ఉంటే 0.66. అంటే మీరు అనుకున్నట్టే సక్రమంగా జరిగినా ఇల్లు గుల్లే. కనీసం ఒక్క పరుగైనా వచ్చే అవకాశం కూడా కాస్త తగ్గింది. అది మగవాళ్ల బేస్‌బాల్, బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు, మాది 60, మాకు పరుగులు పుట్టడమే కష్టం అని మీరు వాదిస్తారు. ఒప్పుకుంటా. ఆ లెక్క మా గ్రౌండ్‌కు ఉన్నదున్నట్టు అతకదు.

కానీ మా గ్రౌండ్‌లో మీరు గెలిపించిన మ్యాచ్‌ల రహస్యం కూడా చెప్పనీండి. మీరు పడగానే అవతలి టీమ్‌లో ముగ్గురు ఒకే బంతి మీదికి దూకుతారు. "నాది నాది" అని ముగ్గురూ అరిచి, ముగ్గురూ ఆగిపోతారు. ఎవరో ఒకరు తెగించి ఎత్తి విసిరితే అది ఫస్ట్ బేస్ దాటి, మధ్యాహ్న భోజనం వంటశాల దాటి, గేదెలు పడుకునే గుంటలో తేలుతుంది. మా వాళ్లు ఇద్దరూ బయల్దేరిన హోమ్ బేస్‌కు, అంటే ఇంటికొచ్చేస్తారు. నేనేమో టోపీ సర్దుకుని, అదంతా నా వ్యూహమే అన్నట్టు నిలబడతా. ఆ విసురుడు మెరుగుపడిన టీమ్ ఎదురైన రోజు నా వ్యూహం కూడా గేదెల పక్కకే చేరేది.

ఎదురైంది. పక్క మండలం వాళ్లతో మ్యాచ్. అయిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2. ఫస్ట్ బేస్ మీద నన్ను సిలబస్ అడిగిన పాప. నేను థర్డ్ బేస్ పక్కన కోచ్ గీతల్లో నిలబడి మామూలుగా టోపీ ముట్టుకున్నా. బ్యాటర్ చక్కగా మిమ్మల్ని థర్డ్ బేస్ గీత వెంబడి పడేసింది. వాళ్లూ చక్కగానే ఆడారు. థర్డ్ బేస్ అమ్మాయి ముందుకు ఉరికి ఎత్తింది. ఫస్ట్ బేస్ అమ్మాయి కూడా బంతి మీదికే వచ్చింది గనక, సెకండ్ బేస్ అమ్మాయి పోయి ఫస్ట్ దగ్గర అందుకుంది. షార్ట్‌స్టాప్ సెకండ్‌కు వచ్చి కాపు కాసింది. మా బ్యాటర్ అవుట్. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే జరిగింది.

మా పాప సెకండ్ బేస్ లోపలి మూల మీద ఎడమ కాలు తాకించి ఆగకుండా నా వైపు వస్తోంది. ఆగు ఆగు అని రెండు చేతులూ పైకెత్తా. నోటితో కూడా అరిచా. వినపడనట్టే వచ్చి యూరియా సంచి మీద, అదే మా బేస్ మీద, కాలు పెట్టి నిలబడింది. అవతల ఫస్ట్ బేస్ దగ్గర ఆ అమ్మాయి బంతి పట్టుకుని చెయ్యి ఎత్తి, విసరకుండా ఆగిపోయింది. ఎవరికి విసరాలి? థర్డ్ బేస్ అమ్మాయి ఇంకా మిమ్మల్ని ఎత్తిన చోటే వంగి ఉంది. ఆ క్షణాన థర్డ్ బేస్ చుట్టుపక్కల ఉన్న మనిషిని నేనొక్కదాన్నే.

"చేతులెత్తితే కనపళ్లేదా మే నీకు?" అన్నా.

"కనపడింది మేడమ్. మీరేమన్నా బంతి పట్టుకుంటారా ఏంది?"

తర్వాతి పిల్ల లెఫ్ట్ ఫీల్డ్‌కు ఎత్తి కొట్టింది. క్యాచ్ పట్టారు. మా పాప సంచి మీద కాలు ఆనించి ఉండి, బంతి గ్లవ్‌లో పడిన మరుక్షణం లేచి ఇంటికొచ్చింది. 3-2. అది కూడా సాక్రిఫైసే, మీ చెల్లెలు సాక్రిఫైస్ ఫ్లై గారు. కానీ ఆమె పద్ధతి వేరు. ఆ పిల్లను ఎవరూ అవుట్ అయి రమ్మని పంపలేదు. అది బలంగా కొట్టాలనే కొట్టింది, అవతలి వాళ్లు పట్టుకున్నారు, అంతే.

ఆ మ్యాచ్ గెలిచామనుకుంటున్నారు కదూ. ఆరో ఇన్నింగ్స్‌లో వాళ్లు 4-3 చేశారు. ఏడో దాంట్లో మాకు ఫస్ట్ బేస్ మీద రన్నర్, ఎవరూ అవుట్ కాలేదు. నా చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయింది. ఈసారి మీరు నేల మీద పడకుండా గాలిలోకి లేచారు. క్యాచర్ ఒక్క దూకుకు పట్టేసింది. రన్నర్ అప్పటికే బయల్దేరి ఉంది. క్యాచ్ పడితే వెనక్కి వచ్చి బేస్ తాకాలి, ఆలోపే బంతి ఫస్ట్ బేస్‌కు పోయింది, అదీ అవుట్. రెండు రొట్టెలు ఒకేసారి చెరువు పాలు. ఇంటికొచ్చే ఆటోలో పిల్లలు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

అప్పటి నుంచి ప్రాక్టీస్ మార్చా. మీకు తెలియజేయడం ధర్మం గనక రాస్తున్నా. మొదటి అరగంట బ్యాటే ముట్టుకోం. నాలుగు సంచులు పరిచి నాలుగు స్తంభాలాట ఆడిస్తా. స్తంభం వదిలి ఎప్పుడు ఉరకాలో ఆ ఆటలో ఎవరూ సైగ చేయరు. దొంగ కళ్లు ఎటు తిరిగాయో చూసుకుని పోవడమే. మా వాళ్లలో సగం మంది ఖో-ఖో పిల్లలు, వాళ్లకు ఇంకో సంగతి సులువుగా ఎక్కింది. పిచర్ చేతిలోంచి బంతి వదిలేదాకా బేస్ మీంచి కాలు లేపకూడదన్నది సాఫ్ట్‌బాల్ రూల్. "ఖో అనేదాకా లేవకూడదు, అనగానే కూర్చోకూడదు" అన్నా, అర్థమైపోయింది.

క్రికెట్ పిల్లలతోనే తంటా. టీవీ చూసి నేర్చుకున్నవి వదలవు. ఒకామె బ్యాటుతో సహా పరిగెత్తి ఫస్ట్ బేస్ ముందు వంగి బ్యాటు ఆనించింది. ఇంకొకామె బంతిని నేలకేసి కొట్టి, పరుగు ఉందా లేదా అని తీరిగ్గా చూస్తూ నిలబడింది. ఇక్కడ పరుగు తీయాలా వద్దా అన్న ప్రశ్నే లేదమ్మా, బంతి లోపల పడిందంటే ఉరకడమే అని ఎన్నిసార్లు చెప్పానో. ఫస్ట్ బేస్ దగ్గర అందరూ వేగం తగ్గిస్తారు, చేను గట్టు మీద కాలు పెట్టినట్టు. అక్కడ బేస్ దాటి ముందుకు పోయినా, నేరుగా వెనక్కి వస్తే అవుట్ కాదు. ఎక్స్‌ప్రెస్ బస్సు మన ఊరి స్టాపు దాటిపోయినట్టు పోవాలి అన్నా. ఆ కోపం అందరికీ అనుభవమే గనక వెంటనే పట్టుకున్నారు.

మిమ్మల్ని పూర్తిగా వెలివేయలేదు. మ్యాచ్ టై అయి అదనపు ఇన్నింగ్స్‌కు పోతే సెకండ్ మీద ఒక రన్నర్‌ను ఊరికే నిలబెట్టి ఆడిస్తారు. అక్కడ ఒక్క పరుగు చాలు. అప్పుడు కబురు పంపుతా, మర్యాదగా రండి. మిగతా రోజుల్లో మీ పేరు మాత్రం వాడుకుంటా. బ్యాటు అడ్డం పెట్టినట్టు చూపిస్తారు. థర్డ్ బేస్ అమ్మాయి ముందుకు ఉరుకుతుంది. మా పిల్ల బ్యాటు వెనక్కి లాగి ఆమె పక్క నుంచి బాదుతుంది. మీరు రానవసరం లేదు, వస్తున్నారన్న పుకారు చాలు.

పిల్లల ఇళ్లల్లో మాత్రం సాఫ్ట్‌బాల్ అంటే ఇప్పటికీ స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్టే. ఒక నాయన, "ఒలింపిక్స్‌లో ఉందా మేడమ్ ఈ ఆట?" అని అడిగాడు. 1996లో అట్లాంటాలో ఎక్కింది, 2008 తర్వాత దించేశారు, టోక్యోలో మళ్లీ ఎక్కింది, పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలిస్‌లో ఉంటుంది అని చెప్పా. ఆయన కాసేపు ఆలోచించి, "బేస్ మీద నిలబడదన్నమాట" అన్నాడు. కూతురి ఆట ఆయన ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో అప్పుడు తెలిసింది.

రేపు సాయంత్రం అదే పక్క మండలం వాళ్లు మళ్లీ వస్తున్నారు. మీరు బెంచీ మీద మూడో సీటులో కూర్చోండి, అక్కడ నీడ ఉంటుంది. టోపీ ఇంట్లో వదిలేసి వస్తున్నా. దోమల మందు రెండు చేతులకూ మెడకూ పట్టించుకుంటా. అయినా కుడితే, కుట్టనీ. చెయ్యి లేపను.

ఇట్లు,
మీ మాజీ రెండో బ్యాటర్