బొనియాకు మెట్స్ కడుతున్నది వడ్డీ, దండగ కాదు

ఏటా జూలై 1 వచ్చిందంటే ఒక పోస్టు తిరగడం మొదలవుతుంది. "2001లోనే ఆట మానేసిన బాబీ బొనియాకు న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టు ఇవాళ మళ్లీ 11.9 లక్షల డాలర్లు కట్టింది. 2035 దాకా కడుతూనే ఉంటుంది. 59 లక్షలతో తీరిపోయే బాకీకి దాదాపు 3 కోట్లు! ఆటల చరిత్రలో ఇంత తెలివితక్కువ ఒప్పందం లేదు." ఇదీ దాని సారం. అంకెలన్నీ నిజమే. వాటి నుంచి లాగిన తీర్పు మాత్రం తప్పు, పైగా డబ్బు గురించి జనానికి తప్పు పాఠం నేర్పేది.

2000లో మెట్స్ అతనికి ఇవ్వాల్సి ఉన్న 59 లక్షల డాలర్ల జీతాన్ని, 2011 నుంచి 2035 దాకా ఇచ్చే 25 వాయిదాల మొత్తం పక్కన పెట్టి "ఐదింతలు కట్టారు" అంటున్నారు. మన ఊళ్లో ప్రామిసరీ నోటు రాసుకునేవాళ్లెవరూ ఇలా లెక్కేయరు. అసలెంత, వడ్డీ ఎంత, ఎన్నేళ్లు అని అడుగుతారు. ఇక్కడ వడ్డీ ఏటా 8 శాతం, అంటే మన లెక్కలో నూటికి నెలకు 67 పైసలు. రూపాయి వడ్డీ కూడా కాదు.

కావాలంటే వేసి చూడండి. 59 లక్షలకు 2000 జూలై నుంచి పదకొండేళ్లు చక్రవడ్డీ కడితే 2011 జూలైకి 1 కోటీ 37 లక్షల 57 వేల డాలర్లు దాకా అవుతుంది. ఈ పదకొండేళ్లలో బొనియా చేతికి ఈ పద్దు కింద ఒక్క సెంటు రాలేదు. ఆ రోజు మొదటి వాయిదా 11,93,248 డాలర్ల 20 సెంట్లు ఇచ్చేస్తే మిగిలేది 1 కోటీ 25 లక్షల 63 వేలు. దానిమీద ఏడాది వడ్డీయే 10 లక్షలు దాటుతుంది. అంటే రెండో వాయిదాలో అసలు కింద తెగింది రెండు లక్షల లోపే. ఇలా తగ్గుతూ తగ్గుతూ 2035లో ఇరవై ఐదో వాయిదాతో బాకీ సరిగ్గా సున్నా అవుతుంది. ఎక్కడా ఒక్క డాలరు దానం లేదు.

"8 శాతం ఇవ్వడమే పిచ్చితనం" అనేది రెండో మాట. ఈ మాట అనేవాళ్లు ఈమధ్య వడ్డీలు చూసి అంటున్నారు. 2000 జనవరిలో అమెరికా ప్రభుత్వ పదేళ్ల బాండ్లే 6 శాతానికి పైగా ఇచ్చాయి. అక్కడి బ్యాంకుల ప్రైమ్ రేటు, అంటే నమ్మకమైన ఖాతాదారులకు ఇచ్చే అప్పుల మీద వడ్డీ, అప్పటికి 8.5 శాతం, మే నెలకల్లా 9.5 శాతం. ఆ రోజుల్లో 8 శాతానికి దీర్ఘకాలపు అప్పు దొరకడం మామూలు సంగతి. తర్వాత వడ్డీలు పడిపోయాయి, షేర్ మార్కెట్ పదేళ్లు ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయింది. కాబట్టి ఒప్పందం బొనియాకే కలిసొచ్చిందన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ అది 2000లో ఎవరికీ కనపడని సంగతి.

అసలు తప్పు ఎక్కడుందో ఆ పోస్టు చెప్పదు. అప్పటి మెట్స్ యజమానుల్లో ఒకడైన ఫ్రెడ్ విల్పన్ కుటుంబ సంస్థల డబ్బు పెద్ద ఎత్తున బెర్నార్డ్ మేడాఫ్ అనే పెట్టుబడుల వ్యాపారి దగ్గర ఉండేది. అతని కాగితాల్లో ఏటా రెండంకెల రాబడి నిలకడగా కనిపించేది. ఇటు 8 శాతానికి బాకీ పెట్టుకుని అటు అంతకన్నా ఎక్కువ సంపాదించవచ్చన్న లెక్క అక్కడిది. 2008 డిసెంబరులో మేడాఫ్ అరెస్టయ్యాడు, ఆ రాబడంతా కట్టుకథని తేలింది. తప్పు జరిగింది ఆ నమ్మకంలో. బొనియా ఒప్పందానికి దాన్ని అంటగట్టడం అన్యాయం.

"ఆడని మనిషికి జీతం" అనే మాట నాకు మరీ కష్టంగా అనిపిస్తుంది. అది ఆటకు ఒప్పుకున్న జీతమే, ఆలస్యంగా వస్తోంది, అంతే. 1999లో అతను మెట్స్‌కు ఘోరంగా ఆడాడు, బ్యాటింగ్ సగటు .160, అంటే వంద ప్రయత్నాల్లో పదహారే హిట్లు. జట్టు వదిలించుకోవాలనుకుంది. కానీ బేస్‌బాల్ ఒప్పందాలు గ్యారంటీ కింద ఉంటాయి, ఇంటికి పంపినా మిగిలిన జీతం ఇవ్వాల్సిందే. ఆ 59 లక్షలను వెంటనే తీసుకోకుండా, వడ్డీతో తర్వాత ఇవ్వమనేలా అతని ఏజెంటు డెనిస్ గిల్బర్ట్ ఒప్పందం కుదిర్చాడు. గిల్బర్ట్‌ది ఇన్సూరెన్స్ అనుభవం. ఏటా ఇంత చొప్పున ముసలితనం దాకా డబ్బు అందే ఏర్పాటు అతనికి కొత్తేమీ కాదు. బొనియాకు 48వ ఏట మొదలై 72వ ఏట ముగిసే ఆదాయం ఇది. ఆట ఆగిన కొన్నేళ్లకే చేతిలో ఏమీ మిగలని క్రీడాకారులున్న చోట ఇది చూపున్న నిర్ణయం.

అతను పనికిరాని ఆటగాడూ కాదు. ఆరుసార్లు ఆల్-స్టార్ (లీగ్‌లో మేటి ఆటగాళ్ల జట్టు), 287 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), 1997లో ఫ్లోరిడా మార్లిన్స్‌తో వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, గెలుపు. 1991 చివర్లో మెట్స్ అతనికి ఐదేళ్లకు 2.9 కోట్ల డాలర్లు రాసిచ్చింది ఊరికే కాదు.

మెట్స్ అభిమానులు కొందరు ఆ పోస్టుకు ఎదురు వాదన తెస్తారు: అప్పుడు మిగిలిన డబ్బుతోనే మైక్ హాంప్టన్ అనే పిచర్ (బంతి విసిరే ఆటగాడు) వచ్చాడు, 2000లో జట్టు వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది, తర్వాత హాంప్టన్ వేరే జట్టుకు వెళ్లిపోయినందుకు దక్కిన డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే) అవకాశంతో డేవిడ్ రైట్ అనే మంచి ఆటగాడు దొరికాడు అని. జరిగినవన్నీ నిజమే. అయినా అంత పొడవు గొలుసును ఒక్క ఒప్పందానికి కట్టడం నాకు అతిగానే తోస్తుంది. వడ్డీ లెక్క ఒక్కటే చాలు.

"ఇలాంటిది ఇంకెక్కడా లేదు" అన్నది సులువుగా వీగిపోతుంది. 2023 డిసెంబరులో షోహే ఒహ్తానీ లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌తో చేసుకున్న పదేళ్ల, 70 కోట్ల డాలర్ల ఒప్పందంలో 68 కోట్లు 2034 నుంచి 2043 మధ్య వస్తాయి, అదీ వడ్డీ లేకుండా. ఆలస్యంగా వచ్చే డబ్బుకు ఇవాళ విలువ తక్కువ కాబట్టి, లీగ్ లెక్కల్లో అతని ఏడాది విలువ 7 కోట్లు కాదు, సుమారు 4.6 కోట్లు. ఆ పద్ధతిలోనే చూస్తే బొనియా "3 కోట్లు" కూడా 2000లో 59 లక్షలే.

ఇక ఈ వాయిదా మెట్స్‌ను కుంగదీస్తోందన్న మాట. 2023లో ఆ జట్టు మాక్స్ షెర్జర్, జస్టిన్ వెర్లాండర్ అనే ఇద్దరు పిచర్లకు చెరో 4.33 కోట్ల డాలర్ల జీతం పెట్టింది. బొనియా వాయిదా అందులో ఒక్కరి జీతంలో 36వ వంతు. ఆ ఇద్దరినీ సీజన్ మధ్యలోనే వేరే జట్లకు పంపేసి, మిగిలిన జీతాల్లో పెద్ద భాగం మెట్సే భరించింది.