రజత నడుము పతకం

దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారిని ఆన్‌లైన్ ధ్యాన శిక్షణలో చివరిదాకా నిలబెట్టడం ఎలా అన్న గహనమైన సమస్యకు యాప్ తయారీదారులు ఎట్టకేలకు పరిష్కారం కనిపెట్టారు: గంట కొట్టడం. రాత్రి తొమ్మిదికి ఒకటి, తొమ్మిదిన్నరకు ఒకటి, పదింటికి "మానకుండా చేసిన మీ 11 రోజుల స్ట్రీక్ తెగిపోబోతోంది" అంటూ ఎర్ర చుక్కతో మరొకటి. నొప్పిని తొందరపడకుండా, మంచిచెడ్డలు ఎంచకుండా గమనించమని నేర్పే విద్యకు ఇంతకంటే తగిన వాహనం దొరకదని ఒప్పుకోవలసిందే.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ఈ శిక్షణను మొదలుపెట్టినప్పుడు ఒక గది, ఒక గురువు, తోటి రోగులు ఉండేవారు. వారాల తరబడి, వారం వారం తరగతి. అంత వెనకబాటుతనం ఇప్పుడు చెల్లదు గనుక ఆ మూడింటినీ తీసేసి, మిగిలిన గొంతును ఫోన్‌లో పెట్టారు. మానసిక ఆరోగ్య యాప్‌ల వాడకంపై 2019లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, సాధారణంగా ఒక యాప్‌ను నెల తర్వాత కూడా తెరిచేవారు నూటికి సుమారు ముగ్గురు. తక్కినవారికి గంట సరిగా వినపడలేదని కంపెనీలు తేల్చుకున్నాయి.

తర్వాతి సమావేశాన్ని ఊహించడం కష్టం కాదు. మాదాపూర్‌లో పన్నెండో అంతస్తు, నడుము నొప్పి రాకుండా ప్రత్యేకంగా తెప్పించిన కుర్చీలు. నెల రోజులు మానకుండా చేసినవారికి కాంస్య నడుము, మూడు నెలలకు రజత నడుము, ఏడాదికి స్వర్ణ నడుము ప్రదానం చేయాలని ఒక యువ నిపుణుడు ప్రతిపాదిస్తాడు. తెర మీద మర్రి మొక్క మొలిపించి, ఒక పూట మానితే ఆకు రాల్చాలని ఇంకొకరు అంటారు. రెండు పూటలు మానితే మొక్క తలవాల్చి రోగి వంక జాలిగా చూడాలన్న సవరణ ఏకగ్రీవంగా నెగ్గుతుంది. "మీ అపార్ట్‌మెంట్ మోకాళ్ల నొప్పుల్లో మీది నాలుగో స్థానం, మూడో ఫ్లోర్ ఆంటీ మిమ్మల్ని దాటేశారు" అని చెబితే పట్టుదల పెరుగుతుందని మరొకరి వాదన. ఇంతలో నడుము నుంచి కాలిదాకా పాకే సయాటికా నొప్పితో నిద్రపట్టక తెల్లవారుజామున మూడింటికి యాప్ తెరిచిన రిటైర్డు టీచరుగారికి "ఉషోదయ వీరవనిత" బ్యాడ్జి దానంతటదే మంజూరవుతుంది. గదిలో చప్పట్లు. "రేపు కూడా ఆవిడను మూడింటికి లేపగలమా?" అని మేనేజరు అడుగుతాడు.

ఆవిడ పన్నెండో రోజు ఎందుకు మానేశారో మాత్రం ఎవరూ అడగరు. నొప్పి ముదిరింది, మానేశారు. ఏ బాధ కోసం శిక్షణ ఇచ్చారో ఆ బాధే ఆపితే దాన్ని బద్ధకం కింద జమకట్టే లెక్క ఎవరిది? 2016లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన, 342 మంది నడుము నొప్పివారిపై జరిగిన పరీక్షలో, ఈ శిక్షణకు కేటాయించినవారిలో ఎనిమిది తరగతుల్లో ఆరింటికైనా వచ్చినవారు సుమారు సగమే. రానివారిని కలుపుకొని లెక్కవేసినా, ఆరు నెలలకు మామూలు వైద్యంతో ఉన్నవారికంటే ఎక్కువమందికి రోజువారీ పనులు తేలికయ్యాయి. అంటే తరగతి తప్పినంతమాత్రాన కొంప మునగలేదు.

వారానికోసారి ఒక మనిషి ఫోన్ చేసి "ఎలా ఉందండీ, కూర్చోలేకపోతే ఈ వారం పడుకునే చేద్దామా" అని అడిగితే చాలామంది నిలుస్తారని ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. కానీ ఆ మనిషికి జీతమివ్వాలి, నోటిఫికేషన్‌కు ఇవ్వనక్కరలేదు. ఫిజియోథెరపీ బిల్లు తిప్పికొట్టిన బీమావారు యాప్ చందాను కానుకగా పంపడానికీ, మాట వినే తీరిక లేని ఆస్పత్రి చీటీ మీద క్యూఆర్ కోడ్ ముద్రించి ఇవ్వడానికీ, చివరకు "రోగి సహకరించలేదు" అని రాసుకోవడానికీ సిగ్గుండాలి!

చందా రద్దు చేసుకోబోతే యాప్ ఎంతో మర్యాదగా కారణం అడుగుతుంది: సమయం లేదు, ఆసక్తి లేదు, వేరే యాప్ దొరికింది. నొప్పిగా ఉంది అన్న గడి అందులో లేదు.