సవరణ: ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్నా డిక్కీలో చెయిన్లు ఉండాల్సిందే

చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియా నుంచి, కొండల్లో మంచు పడే లేక్ టాహోకి కారులో వెళ్లేవారికి ఇదివరకు ఇచ్చిన సూచనల్లో "ఫోర్‌వీల్ డ్రైవ్ కారుకి చెయిన్లు అక్కర్లేదు" అని రాశాను. అది తప్పు. (చెయిన్లంటే మంచు మీద జారకుండా టైర్లకి తొడిగే గొలుసులు; ఫోర్‌వీల్, ఆల్‌వీల్ డ్రైవ్ అంటే ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే బళ్లు.)

కాలిఫోర్నియా రవాణా శాఖ నిబంధనల ప్రకారం, మంచు పడ్డ దారిలో ఆర్-2 (రెండో స్థాయి చెయిన్ నిబంధన) బోర్డు పెట్టినప్పుడు నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఫోర్‌వీల్, ఆల్‌వీల్ డ్రైవ్ బళ్లకి చెయిన్లు తొడగడం నుంచే మినహాయింపు. వెంట మాత్రం ఉండాలి. టైరు పక్కన ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) గుర్తుంటే స్నో టైరు కిందే లెక్క, కానీ గాడి లోతు కనీసం 6/32 అంగుళం (దాదాపు 4.8 మి.మీ.) ఉండాలి. చాలామంది గుర్తు చూస్తారు, గాడి చూడరు. ఆర్-3 (అన్నిటికన్నా కఠినమైన స్థాయి) అయితే ఏ బండికీ మినహాయింపు లేదు.

అదే సూచనల్లో "చెయిన్లు ముందు చక్రాలకి" అని రాసింది కూడా ఫ్రంట్‌వీల్ డ్రైవ్ కార్లకే వర్తిస్తుంది. ఇంజను ఏ చక్రాలను తిప్పితే వాటికే వేయాలి. ఆల్‌వీల్ డ్రైవ్‌కి ఏ జత అన్నది కారు మాన్యువల్లో ఉంటుంది. తొడిగాక కొద్ది దూరం నడిపి, దిగి మళ్లీ బిగించండి. వదులైన చెయిన్ కొస బ్రేకు గొట్టాన్ని కొట్టి తెంపేయగలదు.

ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది, అంతే. మంచు మీద దిగుడులో ఆపాల్సింది టైరు పట్టే.